సాయంకాలం దాకా నిలిచిన పదును

అనగనగా ఒక ఏరు. కొండల్లో పుట్టి, అడవులు దాటి, ఇసుకతిన్నెల మధ్య మెలికలు తిరిగి సముద్రంలో కలిసే ఏరు. అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పట్టణం. దాని పేరు సిరిమొగ. దాన్ని నరవర్మ అనే రాజు ఏలేవాడు.

సిరిమొగలో ఎటు చూసినా కొబ్బరిచెట్లు. ఏ వీధిలో విన్నా తాళ్ళు పేనే చప్పుడు. ఊళ్ళో ఆడవాళ్ళు కొబ్బరి పీచుతో ఓడలకు లావుపాటి మోకులు పేనేవాళ్ళు. పడవలకు సన్నతాళ్ళు, పశువులకు పలుపులు కూడా వాళ్ళ చేతుల మీదుగానే వచ్చేవి. ఆ తాళ్ళ కోసం ఎక్కడెక్కడి నుంచో ఓడలు వచ్చి ఆగేవి.

అయితే ఆ పనిలో ఒక చిక్కు ఉంది. పీచును ఏటి ఒడ్డున బురదలో నెలల తరబడి నానబెట్టాలి. అందుకని ప్రతి పోగులోనూ కంటికి కనబడని ఇసుక చేరేది. ఆ ఇసుక కత్తులను తినేసేది. పొద్దున నిగనిగలాడిన కత్తి వాదర మధ్యాహ్నానికి మొద్దుబారిపోయేది.

ఆ పట్టణంలో ఇద్దరు కత్తుల కమ్మరులు ఉండేవాళ్ళు.

ఒకడు సింగోజు. బజారు నడుమ అంగడి, అంగడి ముందు గిరగిరా తిరిగే పెద్ద సానచక్రం. నవ్వు మొహంవాడు, మాటకారి. అతని కత్తులు అద్దంలా మెరిసేవి. మధ్యాహ్నానికి మొద్దుబారితే ఏముంది, అతనే నవ్వుతూ నూరి ఇచ్చేవాడు. మర్నాడు మళ్ళీ నూరేవాడు. ఊరికది అలవాటైపోయింది. కత్తి అంటే అలాగే ఉంటుందని అందరూ అనుకునేవాళ్ళు.

రెండోవాడు కొమ్మోజు. అతని కొలిమి ఊరి చివర, ఉప్పుమడుల దారిలో ఉండేది. అతని భార్య సోమక్క తిత్తి ఊదేది, అతను సుత్తి పట్టేవాడు. కొమ్మోజు మితభాషి. ఒక మాట అడిగితే కాసేపు ఆలోచించి గాని జవాబిచ్చేవాడు కాదు. అందుకే కొనేవాళ్ళు చాలామంది జవాబు వచ్చేలోపే సింగోజు అంగడికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకనాటి మధ్యాహ్నం తాళ్ళు పేనే నూకాలు కొమ్మోజు కొలిమికి వచ్చింది. ఎడమచేతికి పసుపు అద్దిన గుడ్డ కట్టుకుని ఉంది. గుడ్డ అంతా నెత్తురు.

"అన్నా, తాడు కొయ్యమంటే ఈ కత్తి నా చెయ్యి కోసింది," అంది నూకాలు, కుడిచేతిలోని కత్తిని ఇనుము సాగగొట్టే దాగలి మీద పెడుతూ.

సోమక్క గబగబా నీళ్ళు తెచ్చి గాయం కడిగింది. గాయం అరచేతికి అడ్డంగా, లోతుగా ఉంది.

కొమ్మోజు కత్తి చేతిలోకి తీసుకుని వాదర మీద బొటనవేలు ఆనించి చూశాడు. చెంచా అంచులా ఉంది.

"గట్టిగా నొక్కావా?" అని అడిగాడు.

"నొక్కక ఏం చేస్తానన్నా? పొద్దున్న వెన్నలా కోసింది. పొద్దెక్కేసరికి తెగడం మానేసింది. ఒళ్ళంతా బరువేసి నొక్కితే తడి మోకు మీద జారింది."

ఆమె వెళ్ళిపోయాక కూడా కొమ్మోజు ఆ కత్తినే చూస్తూ కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది. సోమక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమిటయ్యా ఆలోచన?"

"పదునున్న కత్తికి మనం బలం ఇవ్వక్కర్లేదు సోమీ. పదును పోయిన కత్తికే ఇవ్వాలి. ఆ బలం దారితప్పి మనిషి మీదికి వస్తుంది. ఈ ఊళ్ళో గాయం లేని చెయ్యి ఒక్కటైనా చూశావా? ఆ పాపం ఇసుకది కాదు. కత్తులు చేసేవాళ్ళం, మనది."

"అయితే అరగని కత్తి చెయ్యి."

"అరగని కత్తి ఉండదు. ఆలస్యంగా అరిగే కత్తి ఉండొచ్చు," అన్నాడు కొమ్మోజు.

మర్నాటి నుంచి అతను వేరే పని పెట్టుకోలేదు. మంచి ఇనుప ముక్కలు ఏరాడు. వాటిని తంగేడు చెక్కతో, పచ్చి ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టాడు. మూత వేసి బంకమట్టితో మెత్తాడు. పొద్దస్తమానం బొగ్గుల మంటలో కాల్చి, బూడిదలోనే చల్లారనిచ్చాడు. మూస పగలగొడితే లోపల నారింజపండంత ఉక్కు ముద్ద వచ్చింది. సుత్తి దెబ్బకు గుడిగంటలా ఖంగుమంది.

ఆ ఉక్కుతో మొదటి కత్తి చేశాడు. ఎర్రగా కాల్చి చన్నీళ్ళలో ముంచాడు. అది గాజులా గట్టిపడింది. మోకు మీద పెట్టగానే సర్రున కోసింది. కాని మోకులో ఒక ముడి తగలగానే వాదర మీద చిన్న ముక్క ఎగిరిపోయింది. నోట్లో పన్ను ఊడినట్టు ఖాళీ కనిపించింది.

"గట్టిదనం ఎక్కువైంది. వంగడం తెలియనిది విరుగుతుంది," అనుకున్నాడు.

రెండో కత్తిని చల్లార్చాక మళ్ళీ బాగా వేడి చేసి మెత్తబరిచాడు. అది విరగలేదు. కాని మధ్యాహ్నానికి మొద్దుబారింది. అచ్చంగా సింగోజు కత్తిలాగే.

తిత్తి ఊదీ ఊదీ సోమక్క భుజాలు పట్టేశాయి. ఆ సాయంత్రం గోడకు చేరగిలబడి ఆమె ఒక మాట అంది. "ఒక కత్తినే గట్టిగానూ, మెత్తగానూ చెయ్యలేవా? అంచు ఒకలాగ, వెన్ను ఒకలాగ?"

కొమ్మోజు లేచి బంకమట్టి తడిపాడు.

మూడో కత్తికి వెన్ను పొడుగునా మట్టి పూశాడు. అంచును మాత్రం వదిలేశాడు. ఎర్రగా కాల్చి, నీళ్ళకు బదులు నువ్వుల నూనెలో ముంచాడు. పైకి తీసి మట్టి రాల్చి, తవుడు నిప్పు మీద సెగ చూపించాడు. అంచు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఆ రంగు దాటకుండా పటకారుతో ఎత్తేశాడు. వెన్ను మెత్తగా ఉండిపోయింది, వాదర గట్టిగా నిలిచింది.

కాని దాన్ని నూరబోతే కొత్త తిప్పలు వచ్చాయి. ఇసుకరాయి మీద రుద్దితే రాయే అరిగింది గాని కత్తి అరగలేదు. కొమ్మోజు కొండదారి పట్టుకుని వెళ్ళి, ఉక్కును కూడా అరగదీసే కురువిందం రాళ్ళు తెచ్చాడు. వాటిని దంచి, పొడి చేసి, కరిగిన లక్కలో కలిపి సాన చేశాడు. ఆ సాన మీద పొద్దున్నుంచి ఓపికగా రుద్దగా, రుద్దగా, వాదర తేరింది.

నూకాలును పిలిపించాడు. ఆమె చేతిలో తడిమట్టి ముద్ద పెట్టి, కత్తి పట్టుకున్నట్టు పిడికిలి బిగించమన్నాడు. ఆ అచ్చు చూసి తుమ్మచెక్కతో పిడి చెక్కాడు. కత్తి ఆమె చేతిలో పెట్టాక, ఎప్పటిలా కాసేపు ఆలోచించి ఇలా చెప్పాడు.

"చెల్లెమ్మా, ఇది చాలా రోజులు కోస్తుంది. అది దీని మంచి. ఇక దీని చెడ్డ కూడా విను. మొద్దుబారాక దీన్ని చక్రం మీద చిటికెలో నూరలేవు. ఈ సాన మీద ఒక పూట కూర్చోవాలి. దీంతో కొయ్యాలే గాని మెలితిప్పకూడదు, దేన్నీ పెకలించకూడదు. అలా చేస్తే మొన విరుగుతుంది. పని అయ్యాక తుడిచి నూనె రాయాలి. లేకపోతే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది."

నూకాలు నవ్వింది. "నా మొగుడి గురించి మా అత్త కూడా ఇంత నిజం చెప్పలేదన్నా," అని కత్తి తీసుకుపోయింది.

ఆ పూట కోసింది. మర్నాడు కోసింది. ఆ పక్షమంతా కోసింది. కత్తి కోస్తూనే ఉంది. మిగతా ఆడవాళ్ళు మధ్యాహ్నం కాగానే సింగోజు చక్రం దగ్గర వరసలో నిలబడేవాళ్ళు. నూకాలు మాత్రం తన పని పూర్తి చేసుకుని, చెట్టు నీడన కూర్చుని చద్దన్నం తినేది.

అది చూసి కొందరు కొమ్మోజు కొలిమికి వచ్చారు. కొమ్మోజు అందరికీ మంచితో పాటు చెడ్డా చెప్పాడు. అది వినగానే సగం మంది వెనక్కి తిరిగారు. "తన సరుకుకు తానే వంకలు పెట్టుకునేవాడిని ఎక్కడా చూడలేదు," అని దారిలో చెప్పుకున్నారు. సింగోజు దాన్ని ఇంకా రుచిగా చెప్పాడు. "పాపం, విరుగుతుందట, తుప్పు పడుతుందట. అంతకంటే రాయితో కోసుకోవడం నయం కదా," అని నవ్వించాడు.

కొమ్మోజు ఇంట్లో పొయ్యి కొన్నాళ్ళు ఒక పూటే వెలిగింది.

"చెడ్డంతా నువ్వే చెప్పాలా?" అని సోమక్క అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అబద్ధం ఆడమనను. ఊరుకోమంటాను. అడిగితే చెప్పు, అడక్కపోతే మానెయ్యి."

ఆమె మాటలో తప్పు పట్టడానికి కొమ్మోజుకు ఏమీ దొరకలేదు.

ఆ మర్నాడే పడవలు కట్టే మేస్త్రి ఒకడు వచ్చాడు. కత్తి తిప్పి చూశాడు, ముచ్చటపడ్డాడు, తీసుకుంటానన్నాడు. లోపాల గురించి అడగలేదు. కొమ్మోజు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. మేస్త్రి కత్తి నడుముకు దోపుకుని వెళ్ళిపోయాడు. సోమక్క ఆ రోజు బియ్యం ఎక్కువ పోసింది.

కొమ్మోజు కొలిమి ముందు కూర్చున్నాడు. సుత్తి ఎత్తాడు, దించాడు. ఆ మేస్త్రి కత్తితో ఏం చేస్తాడు? పలకల సందుల్లో మొన దూర్చి మేకులు పెకలిస్తాడు. మొన విరుగుతుంది. విరిగిన ముక్క ఎక్కడికి ఎగురుతుందో ఎవరికి తెలుసు? నూకాలు అరచేతి మీద గుడ్డ కళ్ళముందు కదిలింది. కొమ్మోజు లేచి, పంచె ఎగగట్టి ఏటి ఒడ్డుకు పరుగుతీశాడు.

మేస్త్రి అప్పుడే ఒక పాత పలక సందులో మొన ఆనించబోతున్నాడు.

"అయ్యా, ఆగండి. మీకొక మాట చెప్పలేదు," అన్నాడు కొమ్మోజు రొప్పుతూ. అంతా చెప్పాడు.

మేస్త్రి అతన్ని ఎగాదిగా చూసి కత్తి తిరిగి ఇచ్చేశాడు. "నా పని పెకలించడమే కొమ్మోజూ. ఇది నాకు పనికిరాదు. అయినా నువ్వు పరిగెత్తుకొచ్చావు చూడు, అది గుర్తుంచుకుంటాను," అన్నాడు.

డబ్బు తిరిగిచ్చి, కత్తి పట్టుకుని కొమ్మోజు ఇంటికి నడిచాడు. సోమక్క గుమ్మంలో నిలబడి ఉంది. కత్తిని చూసింది, అతని మొహం చూసింది. అన్నం వడ్డించింది. తింటున్నప్పుడు, "నిన్నటి మాట నేను అనకుండా ఉండాల్సింది," అంది నెమ్మదిగా.

"నువ్వు అనకపోతే నేనే అనుకునేవాణ్ణి," అన్నాడు కొమ్మోజు.

ఇలా ఉండగా రాజు నరవర్మ ఒక చాటింపు వేయించాడు. ఏటిగట్టును కాచే కావలివాళ్ళకు కొత్త కత్తులు కావాలి. మంచి కత్తి తెచ్చినవాడికే ఆ పని ఇస్తామన్నాడు.

సింగోజు తన కత్తి తెచ్చాడు. కొమ్మోజు తన కత్తి తెచ్చాడు. కొలువు అంతా చేరింది.

సింగోజు ఒక పట్టుగుడ్డను గాలిలోకి ఎగరేసి, దాని కింద కత్తి పట్టాడు. గుడ్డ రెండుగా తెగి పడింది. కొలువులో చప్పట్లు మోగాయి. కొమ్మోజు కత్తి కూడా గుడ్డను కోసింది. కాని అంత ముచ్చటగా కొయ్యలేదు. పైగా ఆ కత్తి నల్లగా, నీటిచారల్లాంటి గీతలతో ఉంది. మెరుపు లేదు.

"నీ కత్తిలో లోపమేమైనా ఉందా?" అని రాజు సింగోజును అడిగాడు.

"ఏలినవారి దయ వల్ల ఏ లోపమూ లేదు," అన్నాడు సింగోజు.

"నీ కత్తిలో?"

కొమ్మోజు ఎప్పటిలా ఆలోచించి, ఎప్పటిలాగే అంతా చెప్పాడు. కొలువులో అక్కడక్కడా నవ్వులు వినిపించాయి.

"ఇన్ని లోపాలున్న కత్తిని రాజు దగ్గరికి ఎందుకు తెచ్చావు?" అన్నాడు నరవర్మ.

"మహారాజా, మొదటి కోత ఏ కత్తయినా కోస్తుంది. దీన్ని చివరి కోతలో చూడాలి. ఒక ఇసుక మోకు తెప్పించండి. రెండు కత్తులతోనూ సాయంకాలం దాకా కోయించండి."

రాజుకు ఆ పూట వేటకు వెళ్ళాలని ఉంది. గుర్రాలు సకిలిస్తున్నాయి. "సాయంకాలం దాకా కూర్చుని తాళ్ళు చూడడం రాజుల పని కాదు," అని లేచాడు. పని సింగోజుకు దక్కింది.

కొమ్మోజు తలవంచుకుని ఇంటికి వచ్చాడు. దారిలో అతనికి దుఃఖం వచ్చింది. లోపం చెప్పినందుకు కాదు. చూడకుండా తేల్చేసినందుకు. కాని కొలిమి దగ్గరికి వచ్చేసరికి తాళ్ళు పేనే ఆడవాళ్ళు కొందరు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నూకాలు వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది.

"వీళ్ళకు నీ కత్తి చెడ్డంతా నేనే చెప్పేశానన్నా. అయినా కావాలంటున్నారు. మట్టి తడుపు, పిడికిళ్ళ అచ్చులు తీసుకో," అంది.

ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క పిడి. ఒక్కొక్కరి పనికి ఒక్కొక్క వాటం. అలా ఆ వేసవి అంతా కొమ్మోజు కొలిమి ఆరలేదు.

తర్వాత వానలు వచ్చాయి.

ఆ ఏడు కొండల్లో వాన తెరిపి ఇవ్వలేదు. ఏరు ఎర్రగా పొంగింది. రాజు ఓడలు కట్టించడానికి కొండల్లో నరికించిన టేకు దుంగలు ఏటి ఎగువన తెప్పలు తెప్పలుగా మోకులతో కట్టి ఉన్నాయి. ఒక తెల్లవారుజామున వరద వాటిని ఊడబెరికింది. తెప్పలన్నీ కొట్టుకొచ్చి, సిరిమొగ దగ్గర ఏరు ఇరుకయ్యే చోట ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డంపడ్డాయి. మోకులు మోకులు పెనవేసుకున్నాయి. సముద్రంలోకి పోవలసిన నీరు వెనక్కి తన్నడం మొదలుపెట్టింది.

పల్లపు వీధుల్లోకి నీరు వచ్చింది. మొదట గుమ్మాల దాకా, తర్వాత కిటికీల దాకా. జనం ముసలివాళ్ళను మోసుకుంటూ, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుంటూ గట్టు మీదికి చేరారు. గట్టు కూడా అక్కడక్కడా చెమ్మగిల్లి జారుతోంది. అది తెగితే పట్టణమే ఉండదు.

రాజు నరవర్మ తడిసిన బట్టలతో గట్టు మీద నిలబడ్డాడు. "మోకులు కొయ్యండి. దుంగలు విడిపోతే నీరు అదే పోతుంది," అని ఆజ్ఞ ఇచ్చాడు.

కావలివాళ్ళు పడవల మీద వెళ్ళి సింగోజు కత్తులతో కోయసాగారు. అవి తొడలావు మోకులు. వాటి నిండా వరద తెచ్చిన బురద, ఇసుక. ఒక్కొక్క కత్తి రెండు మూడు మోకులు కోసి ఆగిపోయింది. కావలివాళ్ళు పడవలు తిప్పుకుని ఒడ్డుకు వచ్చారు. సింగోజు గట్టు మీద చక్రం పెట్టుకుని నూరాడు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ నీరు కాస్త పైకి ఎక్కి ఉండేది. చివరికి చక్రం తిప్పే తాడే తెగిపోయింది.

"నీ కత్తుల్లో లోపమేమీ లేదన్నావు," అన్నాడు కావలివాళ్ళ నాయకుడు పళ్ళు కొరుకుతూ.

మొదటిసారి సింగోజు మొహంలో నవ్వు లేదు.

అప్పుడు నూకాలు, తాళ్ళు పేనే ఆడవాళ్ళు నడుములకు కత్తులు దోపుకుని గట్టు మీదికి వచ్చారు. వాళ్ళ వెనక కొమ్మోజు, సోమక్క వచ్చారు.

"ఈ మోకులు మేం పేనినవే మహారాజా. ఏ పురి ఎటు తిరిగిందో మాకు తెలుసు. పడవలివ్వండి," అంది నూకాలు.

రాజు వాళ్ళ నల్లటి కత్తులను చూశాడు. తర్వాత కొమ్మోజును చూశాడు. ఆ రోజు కొలువు గుర్తొచ్చినట్టుంది. తల కొంచెం వంచాడు.

"కొమ్మోజూ, ఇంతమందిని వరదలోకి పంపాలి. నీ కత్తులు నిలుస్తాయా?"

కొమ్మోజు ఆలోచించాడు. గట్టు మీద ఉన్నవాళ్ళంతా అతని నోటి వంకే చూస్తున్నారు.

"కోస్తే సాయంకాలం దాకా నిలుస్తాయి మహారాజా. మెలితిప్పితే నిలవవు. దుంగల మధ్య దూర్చి పెకలిస్తే విరుగుతాయి. ఆ పనికి గునపాలు తీసుకెళ్ళాలి. కత్తితో కోత ఒక్కటే."

వరదలోకి దిగాలంటే ఎవరికైనా భయమే. కాని జనంలోంచి పడవల మేస్త్రి ముందుకు వచ్చాడు. "నిలుస్తాయని ఇతను అంటే నిలుస్తాయి. అమ్మిన కత్తికి లోపం చెప్పడానికి ఏటిదాకా పరిగెత్తుకొచ్చిన మనిషి ఇతను. నా పడవ తీసుకోండి, నేనే తోలతాను," అన్నాడు. ఆ మాటతో మిగిలిన పడవలవాళ్ళూ కదిలారు.

కొమ్మోజు కూడా తన కత్తి తీసుకుని మేస్త్రి పడవ ఎక్కాడు. సోమక్క అతని నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని పడవలో కూర్చుంది.

పడవకొక కత్తి, కత్తికొక గునపం. ఆడవాళ్ళు దుంగల మీద మోకరించి, మోకు పురికి అడ్డంగా వాదర ఆనించి లాగారు. నొక్కలేదు, తోయలేదు. ఒక మోకు తెగింది. పక్కది తెగింది. కావలివాళ్ళు గునపాలతో దుంగలను పక్కకు నెట్టారు. ఒక కావలివాడు తొందరపడి, నూకాలు పక్కనున్న ఆమె చేతిలోంచి కత్తి లాక్కుని దుంగల సందులో దూర్చి ఎత్తబోయాడు. టప్పున మొన విరిగింది. అతను బిక్కమొహం వేశాడు.

"చెప్పాడుగా," అంది నూకాలు, చేతిలోని పని ఆపకుండా. ఆ తర్వాత మరెవరూ కత్తితో పెకలించలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కత్తులు కోస్తూనే ఉన్నాయి. పొద్దు వాలింది. చేతులు బొబ్బలెక్కాయి, భుజాలు పడిపోయాయి. మనుషులు మారారు గాని కత్తులు మారలేదు. ఒడ్డుకు తిరిగి రావలసిన పని ఏ పడవకూ పడలేదు.

చివరికి దుంగల రాశి అంతా ఒకే ఒక పెద్ద మోకు మీద ఆగింది. అది బిగుసుకుపోయి వీణతీగలా మూలుగుతోంది. అది తెగితే దుంగలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. దాని దగ్గర ఉన్నవాడికి ప్రమాదం.

"అందరూ వెనక్కి వెళ్ళండి. ఇది నేను కోస్తాను," అన్నాడు కొమ్మోజు.

సోమక్క అతని వంక చూసింది. చేతికి చుట్టుకున్న తాడును ఇంకో చుట్టు తిప్పింది.

కొమ్మోజు దుంగ మీద పాకి, మోకు మీద వాదర ఆనించాడు. పొద్దున్నుంచి కోసిన కత్తి. ఒకసారి లాగాడు. పోగులు విడిపోయాయి. మళ్ళీ లాగాడు. మోకు సగం తెగింది. మూడోసారి లాగడం కూడా పూర్తి కాలేదు, మిగిలింది దానంతట అదే పెళ్ళున తెగిపోయింది.

దుంగలు కదిలాయి. ఏరు గర్జించింది. కొమ్మోజు కాళ్ళకింది దుంగ తిరగబడింది, అతను నీళ్ళలో పడ్డాడు. కత్తి చేతిలోంచి జారిపోయింది. సోమక్క వెనక్కి వాలి తాడు లాగింది. తిత్తి ఊది ఊది రాటుదేలిన భుజాలు అవి. మేస్త్రి ఒక చెయ్యి వేశాడు, పక్క పడవలోంచి నూకాలు ఒక చెయ్యి వేసింది. కొమ్మోజు దగ్గుతూ, నీళ్ళు కక్కుతూ పడవలోకి వచ్చిపడ్డాడు.

వాళ్ళ కళ్ళముందే దుంగలు ఒకదాని వెంట ఒకటి సముద్రంలోకి సాగిపోయాయి. వాటి వెంట ఏరు పోయింది. దీపాలు పెట్టే వేళకు పల్లపు వీధుల్లో నీరు తగ్గసాగింది. గట్టు నిలిచింది.

మర్నాడు రాజు నరవర్మ కొలువు తీర్చలేదు. తానే ఉప్పుమడుల దారిన నడిచి కొమ్మోజు కొలిమికి వచ్చాడు.

"ఆ రోజు ఒక సాయంకాలం కూర్చుని చూసి ఉంటే, నిన్న నా ప్రజలు అంత భయపడేవాళ్ళు కాదు. తప్పు నాది. నీకేం కావాలో కోరుకో," అన్నాడు.

కొమ్మోజు ఆలోచించాడు. రాజు ఈసారి ఓపికగా ఎదురుచూశాడు.

"ఈ పట్టణంలో పనిముట్టు అమ్మే ప్రతివాడూ దాని మంచితో పాటు చెడ్డ కూడా చెప్పాలని ఆజ్ఞ ఇవ్వండి మహారాజా. కొనేవాళ్ళ చేతులు క్షేమంగా ఉంటాయి."

రాజు ఆ ఆజ్ఞ ఇచ్చాడు. కావలివాళ్ళ కత్తుల పని కొమ్మోజుకు అప్పగించాడు.

కొన్నాళ్ళకు సింగోజు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "నాకు మెరుగుపెట్టడం వచ్చు, పిడులకు నగిషీ చెక్కడం వచ్చు. ఇలాంటి ఉక్కు చెయ్యడం రాదు. నేర్పుతావా?" అని అడిగాడు.

కొమ్మోజు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "లోపలికి రా. నాకు మాట్లాడడం రాదు, అది నువ్వు నేర్పు," అన్నాడు.

సోమక్క లోపల నవ్వుకుంటూ తిత్తి అందుకుంది. అంత పెద్ద పనికి ఒక కొలిమి చాలదని పక్కనే రెండోది కట్టారు. రెండు కొలుములూ వెలిగాయి. నూకాలు చేతి గాయం మానిపోయి, సన్నని గీతగా మాత్రం మిగిలింది. ఆ తర్వాత సిరిమొగలో తాళ్ళు పేనే ఆడవాళ్ళ చేతులకు గుడ్డలు కట్టుకునే అవసరం అరుదుగా తప్ప రాలేదు.

కాబట్టి పిల్లలూ, తన పనిలోని మంచితో పాటు లోపాన్ని కూడా దాచకుండా చెప్పేవాడి మాటనే ఆపద వేళ అందరూ నమ్ముతారు.